దొరసాని ముట్టని గింజ

పొద్దున్న తొమ్మిది కాకముందే గుమాస్తా చేతులు చెమటతో తడిసిపోయాయి. ఒక జేబురుమాలు అప్పటికే పిండితే నీళ్ళు కారేట్టు అయింది, రెండోది జేబులో సిద్ధంగా ఉంది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి పదకొండు అడుగులు. ఆ లెక్క ఆయనకి ఎప్పట్నించో తెలుసు, ఎందుకంటే కూర్చుని ఆలోచించడం ఆయన ఒంటికి సరిపడదు. ఆ రోజు మాత్రం పదకొండు అడుగులు చాలడం లేదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

అరచేతుల చెమట పుట్టుకతో వచ్చింది. చదువుకునే రోజుల్లో పరీక్ష కాగితాలు చేతి కింద నాని చిరిగిపోయేవి. కరచాలనం చేసినవాళ్ళు మర్యాదగా నవ్వి, అటు తిరిగి చెయ్యి తుడుచుకునేవాళ్ళు. ఆయన వాడిన కత్తెర, ఆయన పెట్టుకున్న గడియారం, చివరికి ఇంటి తాళంచెవి కూడా ఏడాది తిరక్కుండా తుప్పు పట్టేవి. "నీ చెయ్యి తగిలితే ఇనుమైనా ఏడుస్తుందిరా" అని అక్క చిన్నప్పట్నించీ ఏడిపిస్తూనే ఉంది. అయినా రోడ్డు దాటేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని దాటించింది కూడా అక్కే.

గుమాస్తా అనేది ఆయన ఉద్యోగం కాదు, పెట్టుడు పేరు. ఆయన ప్రయోగశాలలో సహాయకుడు. కాకపోతే ఆరేళ్ళుగా సహాయమంతా ఒక్కదానికే. దానికి వేళకి తిండి పెట్టాలి, నీళ్ళు చల్లాలి, పక్క మార్చాలి, అది ఎటు కదిలిందో గంటగంటకీ రాయాలి. అందరూ దాన్ని దొరసాని అంటారు కాబట్టి ఈయన దొరసాని గుమాస్తా అయ్యాడు. పోను పోను దొరసాని మాట రాలిపోయి గుమాస్తా మిగిలాడు.

దొరసాని అంటే ఒక జిగురు బూజు. కోడిగుడ్డు సొన ఒలికినట్టు పసుప్పచ్చగా ఉంటుంది. కళ్ళు లేవు, కాళ్ళు లేవు, మెదడు అసలే లేదు. ఐనా తిండి ఎక్కడుందో కనిపెట్టి, గంటకి ఒక వేలి మందం చొప్పున పాకి వెళ్ళి, దొరికిన ప్రతి గింజనీ సన్నటి నరాలతో ఒకదానికొకటి కలిపేసుకుంటుంది. పనికిరాని నరాలని ఎండగట్టేస్తుంది, పనికొచ్చేవాటిని లావు చేసుకుంటుంది. ఓట్స్ తప్ప ఇంకోటి తినదు. వెలుతురు గిట్టదు, పొడి గిట్టదు, ఉప్పైతే వాసనకి కూడా గిట్టదు. ఇన్ని పేచీలున్నదాన్ని దొరసాని అనక ఇంకేమంటారు?

దీనికి కరెంటు తీగల పని అప్పజెప్పింది మేడం. ఆ ప్రయోగశాలకి పెద్ద ఆవిడ. కంప్యూటర్ లెక్కల్లో ఆవిడకి ఎదురు చెప్పగలిగేవాళ్ళు ఆ భవనంలో లేరు. ఎదురు చెప్పాలని ఉన్నవాళ్ళు మాత్రం నలుగురైదుగురున్నారు. "ఇరవై ఏళ్ళు లెక్కలు చదివి చివరికి బూజుని సలహా అడుగుతున్నాను" అని తన మీద తనే వేసుకుని నవ్వేది. "ముప్పై కాలనీలని కలపాలంటే ఎన్ని దారులో తెలుసా? అన్నీ వెతకాలంటే కంప్యూటరుకి తల ప్రాణం తోకకొస్తుంది. ఇదైతే తింటూ తింటూ తేల్చేస్తుంది."

పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. వెడల్పాటి గాజు పళ్ళెంలో తడి జెల్లీ పొర పోస్తారు. అదే ఊరి పటం. కాలనీ ఉన్న ప్రతిచోటా ఒక్కో ఓట్స్ గింజ పెడతారు. గుట్టలు, లోయలు ఉన్నచోట అడుగు నుంచి పలచగా వెలుతురు వేస్తారు, అక్కడ స్తంభాలు పాతడం కష్టమని దొరసానికి తెలియాలి కదా. సబ్‌స్టేషన్ ఉన్నచోట దొరసానిని కూర్చోబెట్టి, గది చీకటి చేసి తలుపేస్తారు. ముప్పై గంటల్లో అది నరాలతో పటమంతా గీసేస్తుంది. పైనున్న కెమెరా ఫొటోలు తీస్తుంది. మేడం రాసిన ప్రోగ్రాము ఆ నరాలని కొలిచి, ఏ తీగ తెగితే ఏ కాలనీ చీకట్లో పడుతుందో, ఎవరికి రెండో దారి వెయ్యాలో చెబుతుంది. ఒక్క పళ్ళెం మాట నమ్మరు. దొరసానిని ముక్కలు చేసి పన్నెండు పళ్ళేలు పెడతారు, ఏ ముక్కకి ఆ ముక్కే దొరసాని. ఎనిమిదింటిలో కనిపించిన దారినే దారి అంటారు.

ఆ పటంలో ఎడం పక్క చివర, గుట్టల వెనక ఉన్న గింజ క్వారీ కాలనీ. గుమాస్తా అక్క, బావ ఉండేది అక్కడే.

బావ ముప్పై ఏళ్ళు క్వారీలో రాయి కొట్టాడు. ఆ దుమ్మంతా ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కూర్చుంది. మంచం పక్కన గాలి తీసుకుని ఆక్సిజన్ పంపే మిషను ఉంది, అది కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. కరెంటు పోతే సిలిండరు. క్వారీ కాలనీకి మెయిన్ రోడ్డు మీదుగా ఒకే ఒక్క తీగ వెళ్తుంది. గాలి కాస్త గట్టిగా వీచిందంటే ఆ తీగ మీద చెట్టుకొమ్మ పడటం ఖాయం. పోయిన వానాకాలం తొమ్మిది గంటలు కరెంటు లేదు. ఏడో గంటలో సిలిండరు ఖాళీ అయింది. పక్కింటివాళ్ళ వ్యానులో బావని ఆసుపత్రికి చేర్చేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. ఆ రంగు గుమాస్తా చూశాడు. చూసిన దగ్గర్నించీ ఆకాశం మబ్బు పడితే చాలు, ఈయనకి ఊపిరాడదు.

ఇప్పుడు కరెంటు ఆఫీసువాళ్ళు కొన్ని కాలనీలకి రెండో తీగ వేస్తామంటున్నారు. ఏ కాలనీలకి అన్న జాబితా ఆ రోజు సాయంత్రం నాలుగింటికి లైన్ల ఇంజినీరు వచ్చి పట్టుకెళ్తాడు. మళ్ళీ ఇలాంటి జాబితా ఇంకో అయిదేళ్ళ దాకా రాదు.

పన్నెండు పళ్ళేలూ తయారయ్యాయి. క్వారీ కాలనీకి వచ్చిన దారులు సున్నా.

రెండు రోజుల కిందటే ఇంజినీరు తొంగిచూసి, "చూశావా గుమాస్తా, బూజుకి కూడా ఆ గుట్టలెక్కడం దండగని తెలిసిపోయింది" అని భుజం తట్టి వెళ్ళాడు. ఆ తట్టిన చోటు ఇప్పటికీ మండుతూనే ఉంది.

సున్నా అన్నది గుమాస్తాకి మింగుడు పడటం లేదు. దొరసాని తిండిపోతు. మూడు పళ్ళేల్లో వెళ్ళకపోతే సరే అనుకోవచ్చు, ఆరింటిలో వెళ్ళకపోయినా సరే. పన్నెండింటిలో ఒక్కసారి కూడా ఆ గింజని ముట్టలేదంటే ఏమిటి దానర్థం? కంప్యూటర్లో ఫొటోలు వరసగా తిప్పాడు. పదిహేడో గంటలో పసుప్పచ్చటి వేలు ఒకటి గుట్టల సందులోంచి బయటికొచ్చింది. గింజ వైపు వెళ్ళింది. ఇంకో వేలి మందం ఉందనగా ఆగింది. తర్వాతి ఫొటోలో వెనక్కి ముడుచుకుపోయింది. రెండో పళ్ళెం చూశాడు. అదే కథ. మూడోది, నాలుగోది, అయిదోది. ప్రతిచోటా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా తిరిగిపోయింది.

దేనికో భయపడినట్టు వెళ్ళిపోయింది. దేనికి?

వెలుతురు కొలిచే మీటరు పెట్టి చూశాడు. ఆ మూల చీకటి చీకటిలాగే ఉంది. జెల్లీ ఎండిందేమోనని సూదితో గుచ్చి చూశాడు. తడి బాగానే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. కానీ పటంలో ఉప్పు ఎక్కణ్ణించి వస్తుంది? జెల్లీ కాచింది తనే. నీళ్ళు వడకట్టింది తనే. ఆ గింజని తీసి చూద్దామని సొరుగు లాగి చిన్న పట్టకారు బయటికి తీశాడు.

పట్టకారు కొత్తదానిలా తళతళలాడుతోంది. ఆరేళ్ళలో ఇది నాలుగోది. మొదటి మూడూ ఆయన చేతిలోనే తుప్పు పట్టి పోతే, మేడం విసుక్కుని రబ్బరు తొడుగులు తెప్పించింది. అప్పట్నించీ నియమం ఒకటే, తొడుగులు లేకుండా దేన్నీ ముట్టకూడదు, గింజని పట్టకారుతోనే పెట్టాలి. ప్రతి పళ్ళేనికీ ఒక కాగితం ఉంటుంది. "పట్టకారుతో పెట్టితిని" అని దాని మీద సంతకం చెయ్యాలి.

గుమాస్తా పట్టకారు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు. 

ఆ గదిలో అందరూ ఆయన హస్తవాసి గొప్పదంటారు. వేరే ప్రయోగశాలల్లో వాడి వత్తలైపోయిన బూజులని ఈయన దగ్గరికి పంపిస్తే వారంలో లేచి పాకేవి. ఆ మాట విని విని ఆయన కూడా నమ్మాడు. పళ్ళేలు సర్దిన రోజున ఇరవై తొమ్మిది కాలనీల గింజలనీ నియమం ప్రకారం పట్టకారుతోనే పెట్టాడు. ముప్పయ్యోది క్వారీ కాలనీ. దాని దగ్గరికి వచ్చేసరికి మనసు ఒప్పలేదు. అక్క ఇంటి గింజని ఇనుపముక్కతో పెట్టడమేమిటనిపించింది. తొడుగులు తీసేశాడు. పన్నెండు గింజలు ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాడు. గుప్పిట మూసి, కళ్ళు మూసి, వెళ్ళు తల్లీ, అక్కడికి తప్పకుండా వెళ్ళు, అని దొరసానికి చెప్పుకున్నాడు. పళ్ళెం పళ్ళేనికీ నడిచి, ఒక్కో గింజని బొటనవేలితో మెత్తగా అదిమి పెట్టాడు. అంతసేపూ మిగిలిన గింజలు గుప్పిట్లోనే ఉన్నాయి. చెమటలో నానుతూ.

చెమటంటే ఉప్పే కదా. ఆరేళ్ళుగా తెలిసిన సంగతి ఆ పది నిమిషాలు తెలియకుండా పోయింది. ప్రేమ మనిషిని ఇంత మొద్దుని చేస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అనుకోవడం వేరు, తేల్చుకోవడం వేరు. చిన్న గిన్నెలో జెల్లీ పోసి, మధ్యలో దొరసాని ముక్కని పెట్టాడు. కుడి పక్క పట్టకారుతో ఒక గింజ. ఎడమ పక్క గుప్పిట్లో పది నిమిషాలు ఉంచిన గింజ. గిన్నెని చీకటి పెట్టెలో పెట్టి గడియారం చూశాడు. పది కావస్తోంది. మూడు గంటలు ఆగాలి. ఈయన్ని మూడు నిమిషాలు ఆగమనడమే పెద్ద శిక్ష.

పదకొండు అడుగులు అటు, పదకొండు అడుగులు ఇటు. మధ్యలో కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడం, తుడుచుకోవడం, మళ్ళీ తడిసిపోవడం. పదకొండున్నరకి ఫోను మోగింది. అక్క.

"ఏరా, ఏమైంది? జాబితా ఇవాళే అన్నావుగా."

"ఇంకా తేలలేదక్కా."

"నీ గొంతేంటి అలా ఉంది? తిన్నావా?"

"తింటాలే. బావ ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటారు, మిషనుతో పోటీ పెట్టుకుని మరీ గురక పెడుతున్నారు. ఒరేయ్, వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నువ్వు ఊరికే తిరగకు, కాళ్ళు అరిగిపోతాయి."

"తిరగట్లేదక్కా" అన్నాడు తిరుగుతూనే.

ఒంటిగంటకి పెట్టె తెరిచాడు. దొరసాని కుడి పక్కకి పోయి ఆ గింజ మీద హాయిగా పరుచుకుని కూర్చుంది. ఎడమ పక్క గింజకి వీపు చూపించింది.

అప్పుడు గుమాస్తాకి అసలు భయం పట్టుకుంది. చెబితే ఏమవుతుంది? పన్నెండు కాగితాల మీద తను పెట్టిన సంతకాలు అబద్ధమవుతాయి. ఆరు వారాల పని మీద నమ్మకం పోతుంది. అన్నిటికన్నా ముందు, ఆ గింజనే ఎందుకు ముట్టుకున్నావని అడుగుతారు. అక్క ఇల్లని చెప్పాలి. చెబితే, అక్క ఇంటికి తీగ లాగించుకోవడానికి వేషాలు వేస్తున్నాడంటారు. ఈ గొడవంతా ఎందుకని క్వారీ కాలనీ పేరే పటంలోంచి తీసేసినా తీసేస్తారు. చెప్పకపోతేనో? సున్నా సున్నాగానే ఉంటుంది. ఇంజినీరు జాబితా పట్టుకుని వెళ్ళిపోతాడు. ఎవరికీ ఏమీ తెలియదు. వచ్చే వానల్లో ఏడో గంట మళ్ళీ వస్తుంది.

గిన్నెని రెండు చేతులా పట్టుకుని మేడం గది వైపు నడిచాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాడు కూడా. మూడోసారి తలుపు తట్టేశాడు.

మేడం నివేదికకి అట్ట వేయిస్తోంది. గుమాస్తా చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా వింది. ఆవిడ అరిస్తే బాగుండుననిపించింది ఆయనకి. అరవలేదు. గిన్నె అందుకుని దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది.

"ఆ ఒక్క గింజనే చేత్తో ఎందుకు పెట్టారు?"

"అది మా అక్కవాళ్ళ కాలనీ మేడం. మా బావ మిషను మీద బతుకుతున్నాడు."

"అంటే సాయం చేద్దామని పెట్టారు."

"అవును మేడం."

"సాయం చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారండీ?" అప్పుడు లేచింది ఆవిడ గొంతు. "మనిషి ఇష్టాలు తగలకూడదనే కదా దీన్ని అడుగుతున్నది? మనుషులనే అడగాలంటే ఆ ఇంజినీరు గీసిన గీత చాలదూ? దానికి అక్కలు లేరు, బావలు లేరు. అందుకే దాని మాటకి విలువ. మీరు దాని నోట్లో మాట పెట్టబోయి, ఉప్పు పెట్టారు!"

 గుమాస్తా చెమట వేళ్ళ చివరల నుంచి బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది. ఆవిడ ఆ బొట్లు చూసి మొహం తిప్పుకుంది.

నాలుగింటికి ఇంజినీరు వచ్చాడు. విషయం విని ముందు నవ్వాడు, తర్వాత కళ్ళు చిన్నవి చేశాడు. "ఏమయ్యా, సున్నా వచ్చాక గుర్తొచ్చిందా నీకు ఉప్పు? పన్నెండు వచ్చి ఉంటే గుర్తొచ్చేదా?"

ఆ ప్రశ్న గుమాస్తాకి ముల్లులా దిగింది. ఎందుకంటే దానికి జవాబు ఆయనకి తెలుసు. "వచ్చేది కాదండీ" అన్నాడు.

ఇంజినీరు అంత నిజం అక్కడ దొరుకుతుందని అనుకోలేదు కాబోలు, కాసేపు గడ్డం గోక్కున్నాడు. మేడం గిన్నెని ఆయన ముందుకి తోసింది. "ఆయన మాట నమ్మొద్దు. దీన్ని చూడండి. తప్పుడు జాబితా మీద సంతకం పెట్టి, రేపు ఎవరైనా అడిగితే మీరు చెప్పుకుంటారా, నన్ను చెప్పుకోమంటారా?"

చివరికి ఎల్లుండి పొద్దున్న దాకా గడువిచ్చాడు. పన్నెండు పళ్ళేలూ మళ్ళీ మొదట్నించీ. ముప్పై గింజలూ మేడమే పట్టకారుతో పెడుతుంది. గుమాస్తా ఆ గది గడప తొక్కకూడదు. దొరసాని ఈసారి కూడా క్వారీ కాలనీకి వెళ్ళకపోతే ఇక మారుమాట ఉండకూడదు, అలాగని ఆయన రాసివ్వాలి. రాసిచ్చాడు. సంతకం చేసేటప్పుడు కాగితం తడిసి సిరా అలుక్కుపోయింది. మేడం చెయ్యి చాపితే గది తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆరేళ్ళ తాళంచెవి, అంచుల్లో ఎర్రగా తుప్పు.

"మేడం, నీళ్ళు చల్లేటప్పుడు వడకట్టినవే చల్లండి. కుళాయి నీళ్ళకి అలుగుతుంది" అన్నాడు గుమ్మంలో ఆగి.

"తెలుసండీ" అంది ఆవిడ, కాస్త మెత్తగా.

మర్నాడంతా ఆయన ఊళ్ళో తిరిగాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేడు. వీధి దీపాల స్తంభాలు లెక్కపెట్టాడు, తీగలు ఏ స్తంభం నుంచి ఏ స్తంభానికి వెళ్తున్నాయో మెడ నొప్పెట్టేదాకా చూశాడు. ఆ మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అక్క ఇంటికి వెళ్ళాడు. గాలి అప్పటికే లేచింది. మెయిన్ రోడ్డు పక్కన కొమ్మలు ఊగుతుంటే బస్సులో కూర్చోలేక నిలబడ్డాడు.

అక్క వంటింట్లో ఉంది. బావ మంచం మీద ముక్కుకి గొట్టాలతో, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మూల మిషను గుర్రుగుర్రుమంటోంది. గుమాస్తా నిలబడే మొత్తం చెప్పేశాడు. గుప్పిట, చెమట, సున్నా, తాళంచెవి, అన్నీ.

అక్క గరిటె పట్టుకుని వింది. "మా ఇంట్లో మిషను ఆడాలా వద్దా అన్నది నీ బూజు తేలుస్తుందా?" అంది చివరికి. "పైగా దానికి నువ్వు గింజలు పట్టుకుని మొక్కుకున్నావా? ఎంత పిచ్చోడివిరా!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. మంచం మీంచి బావ, మాటకి మాటకి మధ్య ఊపిరి తీసుకుంటూ, "వాణ్ణేం అనకే. నా కోసం... దేవుడికి మొక్కినవాళ్ళున్నారు గానీ... బూజుకి మొక్కింది వీడొక్కడే" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మిషను చప్పుడు ఆగింది.

పైన ఫ్యాను నెమ్మదించింది. కరెంటు పోయింది. గుమాస్తా ఒక్క అంగలో సిలిండరు దగ్గరికి దూకి, దాని తల మీది మర పట్టుకుని తిప్పబోయాడు. చెయ్యి జారింది. చొక్కాతో తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. బావ ఛాతీ ఎగసిపడుతోంది.

"నువ్వు జరుగు! ముట్టుకోకు!" అక్క ఆయన్ని భుజంతో పక్కకి నెట్టింది. ఒక్క తిప్పు, ఒక్క లాగు, గొట్టం ఇందులోంచి తీసి అందులో పెట్టింది. సన్నగా గాలి కూత వినిపించింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. బావ కళ్ళు మూసుకుని తల ఊపాడు, బాగానే ఉందని.

ముట్టుకోకు. రెండు రోజుల్లో ఇది రెండోసారి. గుమాస్తా గోడకి ఆనుకుని తన అరచేతులు చూసుకున్నాడు. ఈ చేతులు ఎందుకు పుట్టాయో ఆయనకి అర్థం కాలేదు. కోరి పెట్టిన గింజని విషం చేశాయి, కావలసిన మర తిప్పలేకపోయాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కూడా ఉప్పే అని గుర్తొచ్చి మరింత దుఃఖం వచ్చింది.

ఫోను మోగితే అక్కే ఆయన జేబులోంచి తీసి చెవి దగ్గర పెట్టింది. మేడం.

"పన్నెండింటిలో పది" అంది ఆవిడ ఏ ఉపోద్ఘాతమూ లేకుండా. "ఇంజినీరు సంతకం పెట్టాడు. మొహం మాడ్చుకుని పెట్టాడనుకోండి. మెయిన్ రోడ్డు మీదుగా కాదు, వెనక నుంచి వచ్చింది దారి. నీళ్ళ ట్యాంకు కాలనీ నుంచి గుట్టల సందులోంచి. మేమెవరం అనుకోలేదు. ఫొటో పంపిస్తున్నాను."

గుమాస్తా గోడ మీంచి జారి నేల మీద కూర్చున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో కూర్చున్నాడు.

"ఇంకో మాట" అంది మేడం. "రేపట్నించి మీరు ఆ గదిలోకి రారు. ఫొటోలు చూసి లెక్కలు రాయడమే మీ పని. దొరసానిని నేను చూసుకుంటాను. ఉద్యోగం పోలేదు కాబట్టి సంతోషించండి."

"అలాగే మేడం" అన్నాడు.  పొద్దున్నే తలుపు తెరవగానే వచ్చే ఆ తడి వాసన, రాత్రికి రాత్రి అది ఎంత దూరం పాకిందోనని వంగి చూడటం, ఇక లేవు.

ఫొటో వచ్చింది. నల్లటి పటం మీద పసుప్పచ్చటి నరం ఒకటి గుట్టల పక్కగా వంకరలు తిరిగి, ఎడమ చివర గింజని చుట్టుకుంది. అక్క ఫోను దగ్గరికి తీసుకుని, కళ్ళు చికిలించి, వేలితో ఆ వంకరల వెంట మెల్లగా గీసింది.

"ఇది నా కాలిబాటరా" అంది.

"ఏ కాలిబాట?"

"సిలిండరు నింపించడానికి ట్యాంకు కాలనీకి దిగుతానే, ఆ బాట. ఇదిగో, ఇక్కడ పెద్ద బండ ఉంటుంది, చుట్టి తిరగాలి. ఇక్కడ వాగు. నేనూ మొదట్లో రోడ్డున వెళ్ళేదాన్ని. మోయలేక మోయలేక, ఏ పక్కన ఎత్తు తక్కువుందా అని వెతుక్కుంటూ ఈ దారి చేసుకున్నాను." ఆగి మళ్ళీ చూసింది. "కళ్ళు లేవన్నావు దీనికి!"

బావ కళ్ళు తెరిచాడు. "స్తంభాలెప్పుడు పాతుతారట?"

"ఏడాది పడుతుంది బావా."

"మంచిది. పాతేటప్పుడు మాత్రం... నువ్వు చెయ్యి వెయ్యకు."

ముగ్గురూ నవ్వారు. బావకి దగ్గొచ్చింది, అక్క వీపు రాసింది. గాలి కిటికీ రెక్కని కొడుతోంది. ఏడాదంటే ఈ వానాకాలం ఇంకా అలాగే ఉంది. అక్క సిలిండరు మీది ముల్లు చూసి, మంచం కిందికి వంగి, నిన్న ఖాళీ అయిన ఇంకో సిలిండరుని దొర్లించి బయటికి లాగింది. ఇది అయిపోయేలోగా అది నిండి రావాలి.

గుమాస్తా లేచాడు గానీ, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చూస్తావు? ఎత్తుకో."

"జారుతుందేమోనక్కా."

అక్క దగ్గరికొచ్చి ఆయన రెండు చేతులూ ముందుకి లాగింది. చీరకొంగుతో ఒక్కో అరచెయ్యీ తుడిచింది, రోడ్డు దాటించే రోజుల్లో తుడిచినట్టే. అవి వెంటనే మళ్ళీ తడిశాయి. ఆమె వాటిని అలాగే తీసుకెళ్ళి సిలిండరు మెడ చుట్టూ పెట్టింది.

"గట్టిగా పట్టుకో. ఇనుమేగా, ఏడిస్తే ఏడవనీ."

గుమాస్తా సిలిండరుని భుజానికెత్తుకుని, గుట్టల పక్కగా ఆ వంకర బాటలో దిగడం మొదలుపెట్టాడు.